మట్టి రాకూడని కొట్టు

మెట్ల కింది గడియారాల కొట్టు నుంచి

విత్తన పరీక్షా కేంద్రం అధికారిగారికి,

నమస్కారాలు. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. నలభై రెండేళ్ళుగా ఒకే బల్ల, ఒకే కుర్చీ. బాగుచేసిన గడియారం పట్టుకుపోవడం మరిచిపోయినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఉత్తరాలు రాసే అలవాటు లేదు. ఆఫీసులకు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

దీంతోపాటు ఉన్న పొట్లంలో పదహారు చిక్కుడు గింజలున్నాయి. మా ఆవిడవి. ఆవిడ పోయి ఐదు నెలలయింది. గింజలు ఎండబెట్టి దాచి పదకొండేళ్ళయింది. వీటిలో ప్రాణం ఉందో లేదో చెప్పాలి. ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి. ‘ఉండవచ్చు’ అని మాత్రం రాయకండి. ఈ మధ్య డాక్టర్ల నోట ఆ మాట చాలాసార్లు విన్నాను.

ఆగిపోయిన గడియారం ఎవరైనా తెస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుంటాను. లోపల ఎక్కడ పట్టేసిందో సగం అక్కడే తెలిసిపోతుంది. ఒక గింజనీ అలాగే పెట్టుకుని చూశాను. ఏమీ వినపడలేదు. అందుకే మీ దాకా రావలసివచ్చింది.

గింజల్ని కోయకూడదు, పగలగొట్టకూడదు. చూశాక పదహారింటినీ లెక్కపెట్టి వెనక్కి పంపాలి.

ఇట్లు,
గడియారాలవాడు

తా.క.: పొట్లం విప్పేటప్పుడు ఎవరూ తుమ్మకుండా చూడండి. ఒక్క తుమ్ముకి ఎగిరిపోయిన స్క్రూ కోసం ఇరవై ఏళ్ళుగా బల్ల కింద వెతుకుతున్నాను.


విత్తన పరీక్షా కేంద్రం, మొలకల గది

అయ్యా,

మీ లేఖ అందినది. పరీక్షకు పంపు ప్రతి నమూనాలో కనీసం నాలుగు వందల గింజలు ఉండవలెను. మీ నమూనాలో మూడు వందల ఎనభై నాలుగు గింజలు తక్కువగా ఉన్నవి. వాటిని వెంటనే పంపగలరు. మొలకెత్తిన గింజలను తిరిగి గింజలుగా మార్చి పంపుట ఈ కేంద్రంలో సాధ్యపడదు. జతపరచిన ఫారం పూర్తి చేసి పంపగలరు.

ఇట్లు,
పరీక్షకురాలు

తా.క.: పైన ఉన్నది అచ్చు కాగితం, ఖాళీల్లో అంకెలు మాత్రమే నావి. ఇది చేత్తో రాస్తున్నాను. మీ ఆవిడగారి సంగతి చదివి బాధ కలిగింది. గింజ బతికుందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర నమ్మకమైన దారి ఒకటే ఉంది, దాన్ని మొలిపించి చూడటం. మీరు సరేనంటే పదహారింటితోనే చేస్తాను, పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను. ఎవరూ తుమ్మలేదు.


గడియారాల కొట్టు నుంచి

పరీక్షకురాలుగారికి,

నాలుగు వందల గింజలుంటే మీకెందుకు రాస్తానమ్మా? వండుకు తినేవాణ్ణి. నాలుగు వందలు కావాలంటే ఇవి నాటాలి. నాటాలంటే బతికున్నాయో లేదో తెలియాలి. తెలియాలంటే మీకు నాలుగు వందలు పంపాలి. ఈ నిబంధన రాసిన పెద్దమనిషి చేతి గడియారం ఒకసారి నాకు పంపండి. అందులో ముళ్ళు తప్పకుండా వెనక్కి తిరుగుతుంటాయి.

మొలిపించి చూడండి, ఒప్పుకుంటున్నాను. ఫారంలో ‘ఉత్పత్తిదారు’ అన్నచోట మా ఆవిడ అని రాశాను. ‘ప్రస్తుత చిరునామా’ అన్నచోట ఏం రాయాలో తోచక వదిలేశాను.

ఇట్లు,
గడియారాలవాడు

తా.క.: ‘గింజలు పంపడంలో మీ ఉద్దేశం’ అని కూడా ఒక గడి ఉంది. అరంగుళం జాగా ఇచ్చారు. అరంగుళంలో రాయగలిగితే మనసులో ఎందుకు పెట్టుకుంటాను?


మొలకల గది నుంచి

అయ్యా,

ఫలితం రాస్తున్నాను. బాగా మొలిచినవి, సున్నా. వంకరగా మొలిచినవి, సున్నా. చనిపోయినవి, పదహారు.

ఉండవచ్చు అని రాయొద్దన్నారు కాబట్టి రాయలేదు. రాసే వీలుంటే బాగుండేదని మాత్రం అనిపించింది. పద్నాలుగు రోజులు తడి కాగితంలో ఉంచి, రోజూ రెండుసార్లు చూశాను. ఐదో రోజుకే మెత్తబడ్డాయి. క్షమించండి.

ఇట్లు,
పరీక్షకురాలు

తా.క.: గింజలు ఎక్కడ దాచారో చెప్పగలరా? తడి తగలగానే గది అంతా పెట్రోలు వాసన కొట్టింది. మా అటెండరు పరుగెత్తుకొచ్చి ఇసుక బకెట్టు తగిలించి ఉందో లేదో చూసుకుని వెళ్ళాడు.


గడియారాల కొట్టు నుంచి

పరీక్షకురాలుగారికి,

చంపేశారు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. ఆ పదహారూ నిక్షేపంలాంటి గింజలు. ఎలా తెలుసని అడక్కండి, తెలుసు. చేతిలోకి తీసుకున్న వస్తువు తీసుకున్నట్టు తిరిగివ్వడం చేతకానివాళ్ళు బోర్డు ఎందుకు కట్టుకున్నారు? నా దగ్గరికి వచ్చిన గడియారం ఇలా పదహారు ముక్కలై తిరిగి వెళ్తే నన్ను వీధిలో నిలబెట్టి కడిగేసేవారు.

మీ పైవాళ్ళకు ఫిర్యాదు రాశాను. నకలు వాళ్ళ పైవాళ్ళకు కూడా పంపాను. వాళ్ళ పైన ఎవరున్నారో తెలియలేదు. తెలిస్తే మీరే చెప్పండి, వాళ్ళకీ పంపుతాను.

ఇట్లు,
గడియారాలవాడు

తా.క.: శవాలు పంపండి. మీరు లెక్కపెట్టానంటే నమ్మను, నా కళ్ళతో చూడాలి.


మొలకల గది నుంచి

అయ్యా,

మీ ఫిర్యాదు అందరికీ అందింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి నన్ను సంజాయిషీ అడిగారు. ముగ్గురు సభ్యుల సంఘం వచ్చి మొలకల గదిలో కుర్చీలు వేసుకుని కూర్చుంది. ఒక గింజను ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు చూసి, చనిపోయిందని ఏకగ్రీవంగా తేల్చారు. వచ్చే నెలాఖరుకు నేను రిటైరవుతున్నాను. ఆ కాగితం నా ఫైల్లో ఆఖరి కాగితం అవుతుందేమో.

దాని గురించి కాదు ఈ ఉత్తరం. మీరన్న మాట గురించి నేను చాలా ఆలోచించాను. నిజంగానే నేను చంపానేమో. పదకొండేళ్ళ గింజలని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. ముసలి గింజలకు చెయ్యాల్సిన పద్ధతి వేరు. నెలాఖరు లెక్క మూసెయ్యాలన్న తొందరలో నేను కొత్త గింజలకు చేసినట్టే నేరుగా తడిలో పెట్టేశాను.

మీకు ఇది తెలియాలి. గింజ ముసలిదవడమంటే ఒక్కసారిగా చనిపోవడం కాదు. లోపల కంటికి కనపడని కోట్ల గదులుంటాయి. కాలం గడిచేకొద్దీ వాటి గోడలు పెళుసెక్కుతాయి. ఎలా మొలవాలో రాసిపెట్టి ఉన్న రాత అక్కడక్కడ తెగుతుంది. బాగుచేసే సరంజామా కూడా లోపలే ఉంటుంది, కానీ నీరు లేకుండా అది కదలదు. ఎండి ఉన్నంతకాలం తెగింది తెగినట్టే ఉంటుంది. నీరు తగిలాక గింజ మొట్టమొదట చేసే పని మొలవడం కాదు. తెగినవాటిని అతికించుకుంటుంది. ఆ పని అయ్యాకే వేరు బయటికి వస్తుంది.

అయితే నీరు ఒక్కసారిగా మీదపడితే ఆ పెళుసు గోడలు పగిలిపోతాయి, బాగుపడే వ్యవధి ఉండదు. అందుకని ముసలి గింజకు ముందు మూడు రోజులు తేమ గాలి మాత్రమే చూపిస్తాం. తర్వాత తడి గుడ్డ. ఆ తర్వాతే నీళ్ళు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసీ తొందరపడ్డాను. మీ ఆవిడగారి గింజలు నా చేతిలో పోయాయి. దీనికి సంజాయిషీ మా పైవాళ్ళకు కాదు, మీకే ఇవ్వాలి.

ఇట్లు,
పరీక్షకురాలు

తా.క.: మీరడిగినట్టు పదహారింటినీ దూదిలో పెట్టి, ఒక్కొక్కదానికీ అంకె వేసి పంపుతున్నాను. ఏడో నంబరుది రెండు ముక్కలుగా ఉంటుంది. అది సంఘంవాళ్ళు చూసినది.


గడియారాల కొట్టు నుంచి

అమ్మా,

దూది విప్పి, పదహారింటినీ బల్ల మీద వరసగా పెట్టుకుని, మధ్యాహ్నమంతా పని చెయ్యకుండా కూర్చున్నాను. రెండు రోజులు నీళ్ళు నమిలాను. ఇంక దాచలేను.

అవి మా ఆవిడ గింజలు కావు. మూడో వీధిలో విత్తనాల షాపులో కొన్న ప్యాకెట్టులోవి.

గడియారం కొత్త పనివాడి చేతిలో పెట్టేముందు పాతసామాను గడియారం ఒకటి ఇచ్చి చూస్తాం. మిమ్మల్నీ అలాగే చూద్దామనుకున్నాను. షాపు గింజలు తప్పకుండా బతికున్నవే కదా, బతికున్నాయని మీరు రాస్తే మీకు పని వచ్చినట్టు, అప్పుడు అసలువి పంపుదామని. మీరు చనిపోయాయన్నారు. దాంతో మీరు బతికున్నవాటిని చంపుతారని రూఢి అయిపోయి ఒళ్ళు తెలియకుండా తిట్టాను.

పెట్రోలు సంగతి నిన్న రాత్రి భోజనం చేస్తుండగా తట్టింది. షాపు గింజలకు గులాబీ రంగు పూత ఉంటుంది. ఇంట్లో దాచిన గింజలకు అది ఉండదు కాబట్టి మీకు అనుమానం వస్తుందని, చక్రాలు కడిగే గిన్నెలో వేసి బ్రష్షుతో రుద్ది కడిగాను. నేను చక్రాలు కడిగేది పెట్రోలుతో. నలభై రెండేళ్ళలో దాంతో కడిగాక ఏ గడియారమూ చనిపోలేదు. అందుకని ఆలోచన రాలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ మీ పైవాళ్ళకీ వాళ్ళ పైవాళ్ళకీ ఇవాళే రాశాను. జరిగిందంతా రాశాను, పెట్రోలుతో సహా.

ఇప్పుడు అసలు సంగతి. మాది కొట్టు వెనక ఒకే గది. కొట్టు కిటికీ గట్టు మీద ఆవిడ మూడు కుండీలు పెట్టుకునేది. ఒకదాంట్లో ఈ చిక్కుడు. నల్లటి గింజ, ఊదారంగు కాయ. వాళ్ళ అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకుంది. ఒకరోజు గాలి వీచి కుండీలో మట్టి వచ్చి, బల్ల మీద విప్పి పెట్టిన గడియారంలో పడింది. పాత ఖాతాదారుది, మళ్ళీ దొరకని యంత్రం. పాడైపోయింది. నేను, ‘ఈ కొట్లో మట్టి అయినా ఉండాలి, నేనయినా ఉండాలి’ అన్నాను. ఆవిడ మూడు కుండీలూ ఒక్కొక్కటిగా బయటికి మోసుకెళ్ళి, వీధి మొగలో పెట్టి వచ్చింది. నేను లేచి సాయం కూడా పట్టలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆవిడ నాతో అన్ని మాటలూ మాట్లాడింది, మొక్కల మాట తప్ప.

స్ప్రింగులు తుప్పు పట్టకుండా ఒక గాజు సీసాలో తేమ పీల్చే నీలం గుళికలు వేసి ఉంచుతాను, రంగు మారినప్పుడల్లా పైవి మాత్రం మారుస్తాను. ఆవిడ పోయిన నెలకి గుళికలన్నీ మారుద్దామని తొలిసారి సీసా బోర్లిస్తే అడుగున చిన్న కాగితం పొట్లం. ఆ చిక్కుడు గింజలు. పదకొండేళ్ళుగా రోజూ తెరిచిన సీసా అది.

ఎందుకు దాచుకుందో నాకు తెలియదు. మళ్ళీ నాటుకుందామనా, నా మీద కోపం అందులో పెట్టిందా, నా మనసు మారుతుందని చూసిందా. అడగడానికి మనిషి లేదు. అవి మొలిస్తే, ఆ రోజు నేనన్న మాటతోనే అంతా అయిపోలేదనుకుని బతుకుతాను. అరంగుళం గడిలో రాయలేనిది ఇదే.

తొమ్మిది గింజలున్నాయి. పంపుతున్నాను.

ఇట్లు,
గడియారాలవాడు

తా.క.: షాపువాడి దగ్గరికి వెళ్ళి ఆ గింజలకేమీ దోషం లేదని చెప్పి వచ్చాను. అతను నేను దోషం ఉందన్నానని ఎప్పుడూ వినలేదట. అయినా చెప్పాను.


మొలకల గది నుంచి

అయ్యా,

మీ ఉత్తరం చదివి నాలుగు రోజులు జవాబు రాయలేదు. ఒళ్ళు మండింది, అందుకు. ఆ పదహారు షాపు గింజల కోసం నేను అన్నం సరిగ్గా తినలేదు. పొట్లం మొదటిసారి విప్పినప్పుడే భూతద్దం పెట్టి చూసి ఉంటే గింజ అంచు తెల్లగీతలో గులాబీ రంగు కనపడేది. చూడలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దాయన చెప్పేవారు, ఆఖరి గింజలు ఎవరూ మొదటిసారే చేతిలో పెట్టరని. ముప్ఫై ఒక్క ఏళ్ళకి ఆ మాట మరిచిపోయాను.

ఐదో రోజున తొమ్మిది గింజల పొట్లం తెరిచాను. కోపం పోయింది.

మీ కొట్టే ఆ మొక్కల్ని పోగొట్టిందని మీ ఉత్తరం నిండా ఉంది. నా పని ప్రకారం చెబుతున్నాను, అది సగమే నిజం. గింజను ముసలిదాన్ని చేసేవి వేడి, తేమ. కిటికీ గట్టు మీదో వంటగది డబ్బాలోనో ఉంటే మూడు నాలుగేళ్ళకి మించి నిలిచేవి కావు. ఆవిడ ఇల్లంతా వెతికి అన్నిటికంటే పొడి జాగా చూసి పెట్టింది. మీరు స్ప్రింగుల కోసం గుళికలు మార్చిన ప్రతిసారీ ఈ గింజల్ని కూడా కాపాడారు. కోపంతో పారేసే వస్తువును ఎవరూ అంత మంచి చోట పెట్టరు.

ఈసారి తొందరపడను. మూతపెట్టె అడుగున ఉప్పునీళ్ళు, దాని మీద జల్లెడ, జల్లెడ మీద గింజలు. అవి నీటిని తాకవు, దాని గాలి మాత్రమే పీలుస్తాయి. పెట్టె చల్లటి మూల పెట్టాను.

మీరు కూడా ఒక పని చెయ్యాలి. నిబంధన తొమ్మిది ప్రకారం గింజలు ఇచ్చినవారు పరీక్ష జరిగినన్నాళ్ళు ఒక కుండీలో మట్టి సిద్ధంగా ఉంచి, ఎండ తగిలేచోట పెట్టి, తడి ఆరకుండా చూసుకోవాలి. కుండీ ఎక్కడో కాదు, కొట్లోనే ఉండాలి.

ఇట్లు,
పరీక్షకురాలు

తా.క.: సంఘంవాళ్ళు మీరు పైవాళ్ళకు రాసిన రెండో ఉత్తరం చదివి, తమ నివేదికలో ‘చనిపోయినవి’ అన్న మాట పక్కన ‘శుభ్రంగా’ అని చేర్చారు.


గడియారాల కొట్టు నుంచి

అమ్మా,

కుండీ కొన్నాను. మట్టి కొన్నాను. కొట్లో పెట్టాను. మీ నిబంధన తొమ్మిది రాసినాయన, నాలుగు వందలు రాసినాయన ఒకరే అయ్యుంటారు.

ఉదయం ఏడున్నరకు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి తడి చూస్తున్నాను. వేలు ఎంత లోతు దింపాలో మీరు రాయలేదు, రెండో కణుపు దాకా దింపుతున్నాను. నా వేలిగోటిలో మట్టి చూసి ఒక ఖాతాదారు తన గడియారం మళ్ళీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకాయన కుండీలోకి తొంగిచూసి ఏం వేశారని అడిగాడు. ఏమీ వెయ్యలేదన్నాను. ఖాళీ మట్టికి నీళ్ళెందుకు పోస్తున్నారన్నాడు. నిబంధన అన్నాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి, పెద్దగొంతుతో నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

మీ పద్ధతి గురించి ఊరికే అడుగుతున్నాను, ఉప్పు ఎంత వేశారు? జల్లెడకీ నీటికీ ఎంత ఎడం ఉంచారు? తడి గుడ్డ అంటే పిండితే నీరు కారేంత తడా, కారనంత తడా? నా పనిలో ఇవన్నీ కచ్చితంగా ఉంటాయి. మీరు అన్నీ చెయ్యి వాటంగా రాస్తున్నారు.

ఇట్లు,
గడియారాలవాడు

తా.క.: నిన్న మొదటిసారి, విప్పిన గడియారాల మీద గాజు బుడ్డి బోర్లించి, కిటికీ తెరిచాను. గాలి వచ్చింది. పదకొండేళ్ళు ఇంత చిన్న పని తట్టలేదు.


మొలకల గది నుంచి

అన్నయ్యగారికి,

శుభవార్త, అందుకే పిలుపు మారింది. తప్పయితే చెప్పండి.

తడి గుడ్డలో ఆరో రోజున రెండు గింజలకు వేరు కనపడింది. సెకన్ల ముల్లు మొనంత తెల్లటి మొన. పదకొండేళ్ళు ఎండిపోయి, తెగినవన్నీ అతికించుకుని బయటికి వచ్చింది. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఎన్ని లక్షల మొలకలు లెక్కపెట్టానో, ఈ రెండింటికి మాత్రం లేచి నిలబడ్డాను. మిగతా ఏడింటినీ ఇంకా చూస్తున్నాను.

మీరడిగినవి. ఉప్పు, ఇంక కరగదు అనేదాకా. ఎడం, రెండు వేళ్ళు. గుడ్డ, పిండితే చుక్క కారనంత. చెయ్యి వాటంగా రాసినందుకు మన్నించండి, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

ఇట్లు,
పరీక్షకురాలు

తా.క.: మా అటెండరు కూడా వచ్చి చూశాడు. ఈసారి బకెట్టు వైపు చూడలేదు.


మొలకల గది నుంచి

అన్నయ్యగారికి,

మీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

వేరు వచ్చిన రెండూ అక్కడే ఆగిపోయాయి. నాలుగు రోజులు చూశాను. మొన నల్లబడింది. కొన్నిసార్లు ఇలా అవుతుంది, గింజ వేరు చాచేంత వరకే అతికించుకుంటుంది, ఆకు లేపేంత ఓపిక మిగలదు. మిగతా ఏడింట్లో ఐదు మెత్తబడ్డాయి, రెండు కదల్లేదు. ఆ రెండింటినీ పద్నాలుగో రోజు దాటినా పారెయ్యకుండా ఇంకో వారం నా టేబుల్ మీద ఉంచుకున్నాను. నిన్న అవి కూడా మెత్తబడ్డాయి. తొమ్మిదికి సున్నా. అదే రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. ఆఖరి సంతకం, వచ్చే వారం రిటైరవుతున్నాను.

ఇంకొకటి చెప్పాలి. నిబంధన తొమ్మిది అని ఏదీ లేదు. ఎనిమిదితోనే అయిపోతాయి. గింజలు మొలిచేనాటికి మీ కొట్లో మట్టి ఉండాలని, మీరే తెచ్చి పెట్టి ఉండాలని నాకనిపించింది. అంత నమ్మకంగా ఉన్నాను. మీ చేత ఇన్ని రోజులు ఖాళీ మట్టికి నీళ్ళు పోయించాను. మీరు నన్ను ఏమన్నా పడతాను. ఈసారి పైవాళ్ళకు రాసినా తప్పు లేదు.

కుండీ తీసెయ్యండి. మట్టి పారబోసి, కొట్టు శుభ్రం చేయించుకోండి.

నాకు ఏడుపు వచ్చింది అన్నయ్యగారూ. ఈ గదిలో ఇంతకుముందు రాలేదు.

ఇట్లు,
పరీక్షకురాలు

తా.క.: ఈసారి తా.క.లో రాయడానికి ఏమీ లేదు.


గడియారాల కొట్టు నుంచి

చెల్లెమ్మకు,

ఏడవకు. ఈ ఉత్తరం నువ్వు ఆఫీసు వదిలేలోపు అందాలని తపాలా పెట్టెలో వెయ్యకుండా నేనే తపాలా ఆఫీసుకి పట్టుకెళ్ళి ఇస్తున్నాను.

కుండీ తియ్యలేను. అందులో మనిషి ఉన్నాడు.

తిడితే తిట్టు, నీకు రెండోసారి కూడా అబద్ధమే చెప్పాను. సీసాలో ఉన్నవి పది గింజలు. తొమ్మిది కవరులో వేశాను. పదోది వెయ్యబోతే చెయ్యి రాలేదు. నువ్వంటే అపనమ్మకం కాదు, అప్పటికి నీ మీద నమ్మకం కుదిరింది. ఆవిడ చేత్తో దాచినదంతా ఒక్కసారే ఇల్లు దాటి వెళ్ళిపోతుందంటే భయమేసింది. ఒకటి ఉంచుకున్నాను. ఉంచుకుని ఏం చెయ్యాలో అప్పుడు తెలియదు.

తర్వాత నీ ఉత్తరాలు వచ్చాయి. ఆ మరమ్మతు సంగతి రాసిన ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. తెగినవి లోపలే ఉన్నాయట, అతికే సరంజామా కూడా లోపలే ఉందట, తొందరపెట్టకుండా తేమ అందించడమొక్కటే మన పనట. నలభై రెండేళ్ళుగా నేను చేస్తున్నది మరమ్మతే కదా, నాకు అర్థం కాకపోవడం ఏమిటనుకున్నాను. గడియారాల మీద బోర్లించే గాజు బుడ్డి కింద ఉప్పునీళ్ళ చిప్ప పెట్టి, దాని మీద జల్లెడ, జల్లెడ మీద ఆ ఒక్క గింజ. నువ్వు మూడు రోజులన్నావు. నాలుగో రోజు మూత తియ్యడానికి ధైర్యం చాలక ఐదు రోజులు ఉంచాను. తర్వాత చుక్క కారని గుడ్డలో పెట్టాను. వేరు వచ్చాక ఆ లేని నిబంధన కుండీలో పెట్టాను. నువ్వు పెట్టించకపోయి ఉంటే అప్పటికప్పుడు మట్టి కోసం ఎక్కడ పరుగెత్తేవాణ్ణి?

గురువారం ఉదయం తడి చూద్దామని వేలు దింపబోయి ఆగాను. మట్టి నెర్రె విచ్చి ఉంది. అందులోంచి మెడ వంచుకుని ఒకటి లేచింది, నల్లటి పొట్టు ఇంకా నెత్తి మీదే ఉంది. సాయంత్రానికి పొట్టు జారిపోయింది. ఇవాళ్టికి రెండు ఆకులు. వంకర లేదు. భూతద్దం పెట్టి చూశాను.

నీ సున్నా చూసి నీకు వెంటనే రాయలేకపోయాను. నీ దగ్గరవి తొమ్మిదీ పోయి నా దగ్గరది నిలిచిందంటే నీ మనసు కష్టపెట్టుకుంటావేమో అనిపించింది. కానీ ఇది నేను మొలిపించింది కాదమ్మా. నువ్వు రాసింది రాసినట్టు చేశాను, అంతే. నీ రిజిస్టరులో సున్నా అలాగే ఉండనీ, తొమ్మిదికి సున్నా అన్నది నిజమే. పదో గింజకి రిజిస్టరు లేదు.

ఆ ఆకుల ముందు కూర్చుని, ఆ రోజు ఆవిడతో అన్న మాట వెనక్కి తీసుకున్నాను. పైకే అన్నాను. పదకొండేళ్ళ కిందటే లేచి ఒక కుండీ పట్టుకుని ఉంటే ఇలా ఒంటరిగా అనాల్సిన పని ఉండేది కాదు. బాగా ఏడ్చాను. గడియారం పుచ్చుకోవడానికి వచ్చిన ఆయన గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడులే.

రిటైరయ్యాక నీకు మొలకల గది ఉండదు కదా. ఇక్కడికి రా. కుండీ పక్కన నీకు ఒక కుర్చీ వేశాను.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క.: తీగ చాచడం మొదలుపెట్టిందంటే దేన్నైనా పట్టుకోవాలి కదా, ఏం కట్టాలి? దారమా, పుల్లా? ఎంత ఎత్తు? ఆవిడ దేనికి పాకించేదో నాకు తెలియదు. ఆ కిటికీ వైపు నేనెప్పుడూ చూడలేదు.